గొంతు గడ్డకు జీన్ పరీక్ష: ఎవరికి, ఎప్పుడు?



గొంతు ముందు గడ్డ కనబడిందంటే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. రాయదుర్గం నుంచో, గుంతకల్లు నుంచో, ఆలూరు నుంచో బస్సెక్కి బళ్లారి వస్తారు. స్కానింగ్ అవుతుంది, సూది పరీక్ష అవుతుంది. ఈలోగా అమెరికాలో ఉన్న కొడుకో, అల్లుడో ఫోన్ చేస్తాడు. 'ఇక్కడైతే జీన్ టెస్టు చేస్తారు నాన్నా, ఆపరేషన్ లేకుండా పోతుందట, మీరూ అడగండి' అంటాడు. మర్నాడు ఆ మాట డాక్టరు బల్ల ముందుకు వస్తుంది.

నేను పాథాలజిస్టును. సూదితో తీసిన కణాలను మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాయడం నా పని. ఆ జీన్ పరీక్ష ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ డబ్బు దండగో నాకు కనబడినంత మేరకు ఈరోజు మీతో చెబుతాను.

అసలు మాట ముందే చెప్పేస్తున్నా. గొంతులో గడ్డ ఉన్న ప్రతివారికీ జీన్ పరీక్ష అక్కర్లేదు. సూది పరీక్ష అటూ ఇటూ తేల్చలేక చేతులెత్తేసినప్పుడే దాని అవసరం. కానీ మెడుల్లరీ అనే ఒక రకం క్యాన్సర్ ఉంది. అది వచ్చినవారికీ, వారి రక్తసంబంధీకులకూ మాత్రం జీన్ పరీక్ష విషయంలో వాయిదా పనికిరాదు. ఈ రెండూ గుర్తుంటే నా ప్రసంగం గుర్తున్నట్టే.

ముందు భయం సంగతి చూద్దాం. గొంతు ముందుండే థైరాయిడ్ గ్రంథిలో చేత్తో తడిమితే తెలిసే గడ్డలు పెద్దవాళ్లలో నూటికి నాలుగు నుంచి ఏడుగురికి ఉంటాయి. అదే అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆడవాళ్లలోనూ, వయసు పైబడ్డవాళ్లలోనూ మరీ ఎక్కువ. ఇన్ని గడ్డల్లో క్యాన్సర్ అని తేలేవి నూటికి ఐదు నుంచి పది, మహా అయితే పదిహేను. తక్కినవన్నీ ఏ హానీ చెయ్యకుండా పడి ఉండేవే.

గొంతు వాపు మన దేశానికి కొత్త కాదు. దాని చరిత్రలో ఒక తెలుగువాడి పేరు పెద్దక్షరాలతో ఉంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఒక పాథాలజిస్టు. ఆయనా, ఆయన బృందమూ 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయకు వెళ్లి, లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాల వాళ్లకు అయొడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు అందించారు. ఏళ్లు గడిచాక బడిపిల్లల గొంతులు పరీక్షిస్తే, అయొడిన్ ఉప్పు తిన్నచోట వాపులు బాగా తగ్గాయి. ఆ పని సాగుతుండగానే 1962లో దేశంలో గొంతువాపు నివారణ పథకం మొదలైంది. ఈరోజు మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్ మీద 'అయొడైజ్డ్' అనే ముద్ర ఉందంటే వెనకాల ఆ కథ ఉంది. ఉప్పుతో పోయే వాపు వేరు, ఇప్పుడు మనం చెప్పుకునే గడ్డ వేరు. అయినా ఆ రెంటికీ ఒక లంకె ఉంది. అయొడిన్ చాలని ప్రాంతాల్లో ఫాలిక్యులర్ అనే రకం క్యాన్సర్ వాటా ఎక్కువ. అయొడిన్ సరిపడా అందేచోట పాపిల్లరీ అనే రకం వాటా ఎక్కువ. ఈ రెండు పేర్లూ మళ్లీ వస్తాయి, కాస్త చెవిన వేసుకోండి.

గడ్డ కనబడ్డాక ఏం చెయ్యాలి? దీనికొక వరస ఉంది. మొదట టీఎస్‌హెచ్ రక్త పరీక్ష. అది బాగా తక్కువగా ఉంటే గడ్డ అతిగా హార్మోను చేస్తోందేమో చూడాలి. అలాంటి గడ్డల్లో క్యాన్సర్ చాలా అరుదు. తర్వాత అల్ట్రాసౌండ్. గడ్డ నీటి సంచిలా ఉందా, గట్టిగా ఉందా, అడ్డం కంటే నిలువు ఎక్కువగా ఉందా, అంచు గీతలా ఉందా, చిందరవందరగా ఉందా, లోపల సున్నపు నలుసులున్నాయా అని చూస్తారు. టైరాడ్స్ అనే లెక్క ప్రకారం మార్కులు వేస్తారు. అనుమానం ఎక్కువున్న గడ్డకు సెంటీమీటరు దాటగానే సూది. అనుమానం తక్కువైతే రెండున్నర సెంటీమీటర్ల దాకా ఆగొచ్చు. అసలు సూదే అక్కర్లేని గడ్డలు బోలెడు.

సూది పరీక్ష అంటే ఇంజక్షన్ సూదికంటే సన్నని సూదిని గడ్డలోకి పంపి నాలుగు కణాలు లాగడం. ఆ బొట్టును గాజు పలక మీద పరిచి, రంగు వేసి నా దగ్గరికి పంపుతారు. పాపిల్లరీ క్యాన్సర్ అయితే సాధారణంగా ఇబ్బంది లేదు. దాని కణాల లోపలి కేంద్రకాలు ఉబ్బి, వెలిసిపోయినట్టుంటాయి. నడిమధ్యన నిలువునా గాడి పడి ఉంటుంది. ఒక్కో కేంద్రకం లోపల గుండ్రటి ఖాళీ తెరుచుకుని ఉంటుంది. ఒక పలక మీద ఇవన్నీ కలిసి కనబడితే ఇక తడుముకోనక్కర్లేదు.

చిక్కంతా ఫాలిక్యులర్ గడ్డతోనే. అందులో మంచి గడ్డ కణాలూ, క్యాన్సర్ గడ్డ కణాలూ మైక్రోస్కోపు కింద ఒక్కలాగే ఉంటాయి. తేడా కణంలో లేదు, గడ్డ చుట్టూ ఉన్న పొరలో ఉంది. కణాలు ఆ పొరను చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళాల్లోకి దూరాయా అన్నదాన్ని బట్టి క్యాన్సరో కాదో తేలుతుంది. సిరుగుప్ప మార్కెట్లో వడ్ల బస్తాకు చువ్వ గుచ్చి గుప్పెడు గింజలు తీసి చూస్తారు కదా. అవి సోనామసూరీ అవునో కాదో ఆ గింజలు చెబుతాయి. బస్తాకు ఏ మూల చిరుగు పడిందో చెప్పమంటే గింజలకేం తెలుసు? నా పరిస్థితీ అంతే. గడ్డను మొత్తంగా కోసి తీసి, పొరను చుట్టూ ముక్కలు చేసి చూస్తే తప్ప జవాబు దొరకదు.

అందుకే మేం రిపోర్టులు ఒక పద్ధతిలో రాస్తాం. 2007లో అమెరికాలోని బెథెస్డా ఊళ్లో డాక్టర్లు సమావేశమై ఒప్పుకున్న పద్ధతి అది. దాని మూడో కూర్పు 2023లో వచ్చింది. మొత్తం ఆరు తరగతులు. ఒకటో తరగతి అంటే కణాలు చాల్లేదు, సూది మళ్లీ వెయ్యాలి. రెండోది మంచి గడ్డ. ఇందులో క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి నాలుగు. ఆరోది క్యాన్సరే, నూటికి తొంభైఏడు ఖాయం. ఐదోది గట్టి అనుమానం. నడుమనున్న మూడూ నాలుగూ త్రిశంకు స్వర్గం. మూడో తరగతిలో నూటికి సుమారు 22, నాలుగో తరగతిలో సుమారు 30 క్యాన్సర్లు తేలతాయి. అంటే ఈ తరగతుల్లో పడ్డవాళ్లందరికీ కత్తి పెడితే, పదిమందిలో ఏడుగురెనిమిదిమందికి అనవసరంగా ఆపరేషన్ చేసినట్టే. సగం గ్రంథి పోతుంది. కొందరికి జీవితాంతం మాత్ర తప్పదు. గొంతు నరం దెబ్బతింటే మాట బొంగురుపోతుంది.

జీన్ పరీక్ష పుట్టిందే ఈ ఏడుగురెనిమిదిమందిని కాపాడడానికి.

అది ఎలా పని చేస్తుందో చూద్దాం. అదే సూదితో తీసిన మరో రెండు చుక్కలను ప్రత్యేకమైన ద్రవంలో వేసి ల్యాబుకు పంపుతారు. అక్కడ రెండు దారులున్నాయి. ఒక దారిలో కణంలోని జన్యువుల్లో ఏవి ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో కొలిచి, మంచి గడ్డ తీరుందా లేదా అని కంప్యూటర్ తేలుస్తుంది. అఫిర్మా అనే పరీక్ష ఈ దారిది. రెండో దారిలో జన్యువుల్లో వచ్చిన అక్షరదోషాలనూ, ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన ముక్కలనూ వెతుకుతారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూరీ నికిఫోరోవ్ బృందం తయారుచేసిన థైరోసెక్ ఈ దారిది. అది 112 జన్యువులను చూస్తుంది.

వాటిలో రెండు మూడు పేర్లు మీ రిపోర్టుల్లో తగలొచ్చు. బీ-రాఫ్ అనేది ఒకటి. దాని ప్రోటీన్‌లో 600వ స్థానంలో వాలైన్ ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటే, 'పెరుగు, పెరుగు' అనే ఆజ్ఞ ఆగకుండా పోతూనే ఉంటుంది. పాపిల్లరీ క్యాన్సర్లలో సగానికి పైగా ఈ దోషం ఉంటుంది. గడ్డలో ఇది దొరికిందంటే దాదాపు పాపిల్లరీ క్యాన్సరేనని నమ్మొచ్చు. రెండోది రాస్. ఇది నమ్మదగ్గ సాక్షి కాదు, క్యాన్సర్ గడ్డలోనూ ఉంటుంది, మంచి గడ్డలోనూ ఉంటుంది. మూడోది టెర్ట్. ఇది బీ-రాఫ్‌తో కలిసి కనబడితే క్యాన్సర్ కాస్త మొండి రకమని జాగ్రత్తపడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన దేశంలో చాలా ల్యాబుల్లో బీ-రాఫ్ ఒక్కదానికే పరీక్ష చేస్తారు, ఖర్చూ తక్కువే. 'నెగెటివ్ వచ్చింది, క్యాన్సర్ లేదు' అని సంతోషపడి ఇంటికి వెళ్లిపోయేవాళ్లున్నారు. అది పొరపాటు. ఫాలిక్యులర్ క్యాన్సర్లో బీ-రాఫ్‌లోని ఆ దోషం సాధారణంగా ఉండనే ఉండదు. బీ-రాఫ్ పాజిటివ్ వస్తే దానికి బలం ఉంది, నెగెటివ్ వస్తే లేదు.

మరి పెద్ద పరీక్షల సత్తా ఎంత? థైరోసెక్ మీద అమెరికా, సింగపూర్‌లలోని పది కేంద్రాల్లో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. సందిగ్ధంలో ఉన్న 257 గడ్డలు చూశారు. లెక్క సులువుగా ఉండేందుకు వంద గడ్డలనుకుందాం. వాళ్ల దగ్గర నూటికి 28 క్యాన్సర్లో, క్యాన్సర్‌కు దగ్గరి గడ్డలో ఉన్నాయి. పరీక్ష వాటిలో 26 పట్టుకుంది, రెండింటిని వదిలేసింది. తక్కిన 72 మంచి గడ్డల్లో 59కి 'మంచిదే' అని సరిగ్గా చెప్పింది. పదమూడింటికి ఊరికే అనుమానం పెట్టింది. అంటే వందమందిలో అరవై ఒక్కమందికి ఆపరేషన్ వాయిదా వేసుకునే వీలు దొరికింది. ఇది చిన్న విషయం కాదు. 2021లో కాలిఫోర్నియా డాక్టర్లు రెండు దారుల పరీక్షలనూ పక్కపక్కనే పోల్చి చూశారు. రెంటిలోనూ సుమారు సగం మందికి ఆపరేషన్ తప్పింది.

ఇప్పుడు అదే పరీక్షను ఎవరికిబడితే వారికి, స్కానింగ్‌లో ఏ గడ్డ కనబడితే దానికి చేశామనుకోండి. వంద గడ్డల్లో ఐదే క్యాన్సర్లు. ఆ ఐదూ దొరుకుతాయనే అనుకుందాం. మిగిలిన 95లో పదిహేడింటికి ఊరికే 'అనుమానం' అని వస్తుంది. పాజిటివ్ వచ్చిన 22 మందిలో నిజంగా క్యాన్సర్ ఉన్నవాళ్లు ఐదుగురే. పదిహేడు ఇళ్లల్లో ఏ తప్పూ లేకుండా ఏడుపులు మొదలవుతాయి. పరీక్ష అదే, యంత్రం అదే, జవాబుకు విలువ మాత్రం ఎవరికి చేశామన్నదాన్ని బట్టి మారిపోయింది. అందుకే వరస తప్పించి జీన్ పరీక్షకు పరుగెత్తొద్దని నేను అంటున్నాను.

అనవసరంగా వెతికితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. అక్కడ ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో మెడ స్కానింగ్ కూడా కలిపేశారు. 1993 నుంచి 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి. చావుల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. వేలమందికి గొంతు కోశారు, ఆయుష్షు పెరిగింది లేదు. ఏ లక్షణమూ లేనివాళ్ల మెడలో గడ్డల కోసం వెతకవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘం 2017లో తేల్చి చెప్పింది. మన ఊళ్లలో పెట్టే 'ఫుల్ బాడీ చెకప్' క్యాంపుల్లో మెడ స్కానింగ్ చేయించుకునేముందు ఈ ముక్క గుర్తు తెచ్చుకోండి.

ఖర్చు సంగతికి వద్దాం. అమెరికాలో ఈ పెద్ద పరీక్ష ఒక్కోటి మూడు వేల డాలర్లకు పైమాటే. అక్కడ ఆపరేషన్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు, అందుకని ఇన్సూరెన్సు వాళ్లకూ పరీక్షే లాభం. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. బళ్లారి సర్కారీ మెడికల్ కాలేజీ 1961 నుంచి ఉంది, మొన్నమొన్నటిదాకా విమ్స్ అని పిలిచేవాళ్లం. అలాంటి చోట సగం గ్రంథి తీసే ఆపరేషన్ ఆ పరీక్ష ఖరీదు కంటే ఎంతో తక్కువలో అవుతుంది. దాంతో జవాబూ దొరుకుతుంది, గడ్డా పోతుంది. కాబట్టి 'అమెరికాలో చేస్తారట' అన్నది ఒక్కటే కారణం కాకూడదు. వయసు చిన్నదైనా, గానమో పాఠాలు చెప్పడమో వృత్తిగా ఉండి గొంతు మీద బతుకు ఆధారపడినా, గుండె జబ్బులాంటివి ఉండి మత్తు ఇవ్వడం ప్రమాదమైనా, అప్పుడు ఆ ఖర్చుకు అర్థం ఉంది. మూడో తరగతి వచ్చినవాళ్లకు ఇంకో చవక దారి కూడా ఉంది. కొన్ని వారాలు ఆగి సూది మళ్లీ వేయించుకోవడమే. చాలాసార్లు రెండోసారి జవాబు తేలిపోతుంది.

మన సరిహద్దు జిల్లా ఇబ్బంది ఒకటి ఉంది. 1953 అక్టోబర్ 1న బళ్లారి జిల్లాను విడగొట్టి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలో కలిపారు. రాష్ట్రాలు వేరైనా రోగులు మాత్రం పాత దారినే వస్తున్నారు. డాక్టరు కన్నడంలో మాట్లాడతాడు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, వచ్చినవాళ్లది తెలుగు. వైద్యానికి ఇచ్చే కార్డు ఒక రాష్ట్రానిది, ఆస్పత్రి ఇంకో రాష్ట్రానిది. పెద్ద పరీక్షకో ఆపరేషన్‌కో ఒప్పుకునేముందు మీ కార్డు ఆ ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. సంతకం పెట్టమన్న కాగితంలో ఏముందో తెలుగులో చెప్పమని అడగండి. అది మీ హక్కు, మొహమాటపడకండి.

ఇక 'జీన్' అనే మాట వినగానే మన ఇళ్లల్లో పుట్టే భయం. 'ఇది వంశంలో ఉందా? పిల్లలకు వస్తుందా? సంబంధాలు చూసేవాళ్లకు తెలిస్తే ఎలా?' అని రిపోర్టు దాచేసేవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పటిదాకా చెప్పిన బీ-రాఫ్, రాస్ లాంటి దోషాలు ఆ గడ్డలోని కణాల్లో మాత్రమే, బతుకు మధ్యలో పుట్టినవి. మీ రక్తంలో లేవు, మీ పిల్లలకు రావు. పెళ్లి సంబంధాలకు దీనికీ ఏ సంబంధమూ లేదు. మేనరికాలతో పిల్లలకు వచ్చే గొంతువాపు ఒకటి ఉంది, అది పుట్టుకతో హార్మోను తయారీ లోపించడం వల్ల వచ్చేది. దాన్నీ దీన్నీ కలపకండి.

వంశంతో నిజంగా ముడిపడినది నేను మొదట్లో చెప్పిన మెడుల్లరీ క్యాన్సర్. థైరాయిడ్‌లో కాల్సిటోనిన్ అనే హార్మోనును తయారుచేసే కణాలు వేరే ఉంటాయి. ఈ క్యాన్సర్ వాటిలో పుడుతుంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది అరుదు. కానీ ఇది వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందే. రెట్ అనే జన్యువులో దోషమే కారణమని 1993లో కనిపెట్టారు. తల్లికో తండ్రికో ఆ దోషముంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడామగా తేడా లేదు, మేనరికమైనా కాకపోయినా అంతే. ఈ దోషాన్ని పట్టే పరీక్షకు గడ్డలోకి సూది అక్కర్లేదు, చేతి నుంచి తీసిన కాస్త రక్తం చాలు. పైగా ఇంట్లో ఒకరికి దోషం ఏ స్థానంలో ఉందో తెలిస్తే తక్కినవాళ్లకు ఆ ఒక్క స్థానం చూస్తే సరిపోతుంది.

ఇక్కడ జీన్ పరీక్ష ప్రాణం పోస్తుంది. కొన్ని స్థానాల్లో దోషమున్న పిల్లలకు ఐదేళ్లు రాకముందే గ్రంథి తీసేస్తారు. అన్నిటికంటే ప్రమాదకరమైన దోషమైతే మొదటి పుట్టినరోజు లోపే. క్యాన్సర్ మొదలుకాకముందే దాని చోటును ఖాళీ చేస్తారన్నమాట. దోషం లేదని తేలిన బిడ్డకు ఏటేటా పరీక్షల గోల శాశ్వతంగా వదులుతుంది. ఇంకో మాట. ఈ వంశాల్లో కొందరికి కిడ్నీ పైనున్న గ్రంథిలో రక్తపోటును ఆకాశానికెత్తే గడ్డ కూడా ఉంటుంది. దాన్ని చూసుకోకుండా గొంతు ఆపరేషన్‌కు మత్తు ఇస్తే బల్ల మీదే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మెడుల్లరీ అని తేలగానే ముందు ఆ కిడ్నీ పైనున్న గ్రంథికి పరీక్ష, ఆ తర్వాతే కత్తి. ఈ రకం కేసుల్లో వెల్లూరు సీఎంసీ వంటి సంస్థల్లో రెట్ పరీక్షతోపాటు కుటుంబానికి సలహా చెప్పే ఏర్పాటూ ఉంది.

ఇక ముగిస్తాను. గొంతులో గడ్డ ఉందంటే నాలుగు పనులు చెయ్యండి. స్కానింగ్ రిపోర్టు, సూది పరీక్ష రిపోర్టు ఒక ఫైల్లో పెట్టుకోండి. సూది పరీక్ష గాజు పలకలు అడిగి తీసుకోండి, రెండో అభిప్రాయానికి అవే ఆధారం. రిపోర్టులో బెథెస్డా ఎన్నో తరగతి అని రాశారో చూడండి. రెండైతే నిమ్మళంగా ఉండి చెప్పిన గడువుకు మళ్లీ స్కానింగ్ చేయించుకోండి. మూడో నాలుగో అయితే డాక్టరుతో కూర్చుని, మళ్లీ సూదా, జీన్ పరీక్షా, సగం గ్రంథి ఆపరేషనా అని మీ వయసూ, మీ వృత్తీ, మీ సంచీ చూసుకుని తేల్చుకోండి. ఐదో ఆరో అయితే జీన్ పరీక్ష కోసం ఆపరేషన్ ఆలస్యం చెయ్యకండి.

నాలుగోది, మీ ఇంట్లో ఎవరికైనా 'మెడుల్లరీ' అని రిపోర్టు ఉంటే, వాళ్లు పోయి పదేళ్లయినా సరే, ఆ కాగితం బీరువాలోంచి తీయండి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కబురు పెట్టండి. సిగ్గుపడి దాస్తే రేపు నష్టపోయేది మీ పసిపిల్లలే.